పురిట్లో తల్లి నుంచి బిడ్డకు సోకే క్లామిడియా: ఎలా ఆపాలి, ఎలా గుర్తించాలి, ఎలా నయం చేయించాలి

కాన్పు అయి ఇంటికి వచ్చిన బిడ్డ కళ్లు వారం రోజులపాటు తేటగానే ఉంటాయి. ఏ తొమ్మిదో రోజు ఉదయమో ఒక కంటి రెప్ప కాస్త ఉబ్బి, వెంట్రుకల మొదళ్లలో పుసి కట్టి కనిపిస్తుంది. చనుబాల చుక్క వేస్తే సరిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మందుల షాపు నుంచి ఎవరో కంటి చుక్కలు తెస్తారు. రెండు రోజులకు పుసి తగ్గినట్టే ఉంటుంది, ఈలోగా పదకొండో రోజు పురుడు వస్తుంది, ఆ సందడిలో కంటి సంగతి అందరూ మరిచిపోతారు. నెలన్నర తరువాత అదే బిడ్డకు దగ్గు మొదలవుతుంది. జ్వరం లేదు కనుక పడిశమే అనుకుంటారు.

ఆ కంటి పుసికీ ఈ దగ్గుకీ మూలం ఒకే సూక్ష్మక్రిమి కావచ్చునని, అది కాన్పు సమయంలోనే తల్లి నుంచి బిడ్డకు చేరి ఉండవచ్చునని, తనలో అది ఉన్నట్టు ఆ తల్లికే తెలిసి ఉండదని మన ఇళ్లలో చెప్పేవారు అరుదు. గర్భిణులు, బాలింతలు, వారి భర్తలు, బిడ్డను చూసుకునే అమ్మమ్మలు, నానమ్మలు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు ఏ దశలో ఏం చేయాలో ఒకచోట చెప్పడానికే ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. రెండో వారంలో బిడ్డ కన్ను ఎర్రబడితే అది కంటితో ఆగే జబ్బు కాకపోవచ్చు. కంట్లో చుక్కలు వేసి ఊరుకోకూడదు.

ఇది ఏ క్రిమి, బిడ్డకు ఎలా చేరుతుంది

క్లామిడియా ట్రకోమాటిస్ అనేది మన శరీర కణాల లోపలికి దూరి, అక్కడే పెరిగే బాక్టీరియా. కణం బయట అది వృద్ధి చెందలేదు. పరీక్షకు నమూనా ఎలా తీయాలన్నది ఈ లక్షణం మీదే ఆధారపడి ఉంటుంది కనుక దీన్ని గుర్తుపెట్టుకోండి. పూర్వం పల్లెల్లో ఎందరి చూపునో పోగొట్టిన ట్రకోమా కూడా ఇదే జాతి క్రిమి వల్ల వచ్చేది, కాకపోతే ఆ రకాలు వేరు. ట్రకోమా చేతుల ద్వారా, గుడ్డల ద్వారా, ఈగల ద్వారా ఒకరి కంటి నుంచి మరొకరి కంటికి పాకేది. మన దేశంలో అది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ధ్రువీకరించింది. అయితే లైంగిక సంబంధం ద్వారా వ్యాపించి, గర్భాశయ ముఖద్వారంలో చేరి, కాన్పులో బిడ్డకు అంటుకునే రకాలు ఆ లెక్కలోకి రావు. అవి ఇంకా మన మధ్యనే ఉన్నాయి.

ఈ క్రిమి సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. కొందరికి తెల్లబట్ట రంగు మారి పసుపుపచ్చగా కావచ్చు, కలయిక తరువాత కాస్త రక్తం కనిపించవచ్చు, మూత్రానికి వెళ్లినప్పుడు మంట పుట్టవచ్చు, పొత్తికడుపులో నొప్పి రావచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు తెల్లబట్ట మామూలుగానే ఎక్కువవుతుంది కాబట్టి ఈ మార్పు ఎవరి దృష్టికీ రాదు. భర్తకు కూడా చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. ఇలా ఇద్దరికీ తెలియకుండానే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, క్రిమి శరీరంలో నిలిచి ఉంటుంది.

సహజ కాన్పులో బిడ్డ గర్భాశయ ముఖద్వారం గుండా బయటికి వచ్చేటప్పుడు కళ్లకు, ముక్కుకు, గొంతుకు క్రిమి అంటుకుంటుంది. చికిత్స అందని తల్లులకు పుట్టిన పిల్లలలో సుమారు సగం మందికి ఇది చేరుతుంది. అలాంటి తల్లుల పిల్లలు 100 మందిని తీసుకుంటే 20 నుంచి 50 మందికి కండ్లకలక, 5 నుంచి 20 మందికి న్యుమోనియా వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే ముప్పు బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, ముఖ్యంగా ఉమ్మనీరు ముందే పోయిన కాన్పుల్లో. ఒక్క పూట మందుతో నయమయ్యే దానికోసం పొట్ట కోయించుకోవలసిన అవసరం మాత్రం లేదు. తల్లిపాల ద్వారా ఇది సోకదు. తల్లికి జబ్బు ఉందని తేలినా, మందు వాడుతున్నా బిడ్డకు పాలు మానిపించకూడదు.

గర్భంతో ఉన్నప్పుడే పరీక్ష అడగండి

ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులందరికీ హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేస్తారు. క్లామిడియా పరీక్ష ఆ వరుసలో లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో రాసే సాధారణ పరీక్షల జాబితాలోనూ ఇది తరచుగా ఉండదు. కాబట్టి ఎవరో చేస్తారులే అనుకోకుండా మీరే అడగాలి. గర్భిణులకు కొన్ని ఇన్‌ఫెక్షన్ల కోసం చేసే టార్చ్ అనే రక్తపరీక్ష చేయించాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు, దానిలో ఇది తేలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ కూడా దీన్ని నమ్మకంగా పట్టుకోలేదు. కొన్ని ల్యాబుల్లో క్లామిడియా ఐజీజీ, ఐజీఎం పేరుతో రక్తపరీక్ష చేస్తారు. ఎప్పుడో వచ్చిపోయిన సోకుడుకు కూడా అది పాజిటివ్ చూపగలదు కనుక, ఇప్పుడు గర్భాశయ ముఖద్వారంలో క్రిమి ఉందో లేదో తేల్చడానికి ఆ రక్తపరీక్ష పనికిరాదు. మీరు అడగవలసింది క్రిమి జన్యుపదార్థాన్ని నేరుగా పట్టుకునే పీసీఆర్ తరహా పరీక్ష. దానికి యోని నుంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు. ఎలా తీసుకోవాలో నర్సు చూపిస్తే మీరే గదిలోకి వెళ్లి తీసుకోవచ్చు, నొప్పి ఉండదు. అది వీలుకాకపోతే మూత్రం ఇవ్వవచ్చు. మూత్రం ఇచ్చేటప్పుడు గంట, రెండు గంటల ముందు నుంచి మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చే కొద్దిపాటి మూత్రాన్నే పట్టాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పరీక్షకు ఇచ్చినట్టు మధ్యలో పట్టిన మూత్రం దీనికి సరిపోదు.

నోరు తెరిచి అడగడమే చాలామందికి కష్టం. సుఖవ్యాధి పరీక్ష అడిగితే డాక్టరు ఏమనుకుంటారో, పక్కనున్న అత్తగారు ఏమనుకుంటారో అన్న బెరుకు సహజమే. ఇలా అడిగితే సరిపోతుంది: "డాక్టరుగారూ, కాన్పులో బిడ్డ కళ్లకు, ఊపిరితిత్తులకు సోకే క్లామిడియా గురించి చదివాను. నాకు ఒకసారి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించే వీలుందా?" బిడ్డ కోసం అడుగుతున్నారని వినేవారికి వెంటనే అర్థమవుతుంది, మీ దాంపత్యం గురించి ఎవరూ ఆరా తీయనక్కరలేదు.

అమెరికాలో 25 ఏళ్లలోపు గర్భిణులందరికీ, అంతకు పైబడినా ముప్పు ఎక్కువ ఉన్నవారికీ మొదటి చెకప్‌లోనే ఈ పరీక్ష చేయాలని, వారికి ఏడో నెల దాటాక మళ్లీ ఒకసారి చేయాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేకపోయినా, ఎవరు అడగాలో తేల్చుకోవడానికి ఆ కొలమానం బాగానే ఉపయోగపడుతుంది. పిన్న వయసులో గర్భం దాల్చినవారు, ఇంతకు ముందు ఎప్పుడైనా సుఖవ్యాధికి మందు వాడినవారు, పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, ట్యూబులో గర్భం వచ్చి ఆపరేషన్ అయినవారు, భర్తకు మూత్రంలో మంట గానీ చీము గానీ కనిపించినవారు, పాత కాన్పులో బిడ్డకు పురిట్లోనే కళ్లు అంటుకుపోయి బాధపడినవారు తప్పకుండా అడగాలి. భర్త గల్ఫ్‌లోనో, లారీ మీదనో, వేరే ఊరి పనిలోనో ఉండి నెలలకోసారి వచ్చిపోయే ఇళ్లలో కూడా అడగడం మంచిదని నా అభిప్రాయం. అది ఎవరినీ అనుమానించడం కాదు. ఎడబాటు ఉన్నచోట ఒకరి ఆరోగ్యం సంగతి మరొకరికి ఆలస్యంగా తెలుస్తుంది, అంతే.

జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అనే పేరుతో సుఖవ్యాధుల విభాగం ఉంటుంది. అక్కడ సలహా, మందులు ఉచితం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి మీకు దగ్గరలో ఉన్న క్లినిక్ ఎక్కడో కనుక్కోవచ్చు. అయితే ఈ క్లినిక్కులు చాలావరకు లక్షణాలను బట్టి మందు ఇచ్చే పద్ధతిలో పనిచేస్తాయి. గర్భాశయ ముఖద్వారం నుంచి చీములాంటి స్రావం కనిపిస్తే బూడిదరంగు ప్యాకెట్, అంటే ఒకటో కిట్, ఇస్తారు. అందులో క్లామిడియాకు అజిత్రోమైసిన్, గనేరియా అనే మరో సుఖవ్యాధికి సెఫిక్సిమ్ ఉంటాయి. లక్షణం ఉన్నవారికి ఈ పద్ధతి మేలు చేస్తుంది. ఏ లక్షణమూ లేనివారు మాత్రం దీనికి అందకుండా జారిపోతారు, క్లామిడియా ఉన్న స్త్రీలలో ఎక్కువమంది వారే. కనుక లక్షణాలు లేకపోతే పీసీఆర్ సౌకర్యం ఉన్న బోధనాసుపత్రిలో గానీ ల్యాబులో గానీ పరీక్ష చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరే స్వయంగా చూసే రోజు ఉంటుంది, ఈ మాట అడగడానికి ఆ రోజు అనువైనది.

పాజిటివ్ వస్తే

భయపడవలసిన పని లేదు, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. గర్భిణికి సాధారణంగా ఇచ్చేది అజిత్రోమైసిన్ 1 గ్రాము, ఒకేసారి నోటి ద్వారా. వీలైతే ఆసుపత్రిలోనే, నర్సు ఎదుటే వేసుకోండి. వేసుకున్న కాసేపటికే వాంతి అయితే దాచకుండా చెప్పండి, మళ్లీ ఇవ్వవలసి రావచ్చు. అజిత్రోమైసిన్ పడనివారికి అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు చొప్పున 7 రోజులు ఇస్తారు. గర్భం లేనివారికి వాడే డాక్సీసైక్లిన్ బిడ్డ ఎముకలకు, పళ్లకు చేటు చేయగలదు కనుక గర్భిణులు వాడకూడదు. భర్తకు రాసిన చీటీ మీద ఆ పేరు ఉంటే, ఇద్దరిదీ ఒకటే జబ్బు కదా అని అవే మాత్రలు పంచుకోకండి.

భర్తకు కూడా అదే సమయంలో చికిత్స జరగాలి. భార్యకు మాత్రమే మందు ఇచ్చి వదిలేస్తే నెల తిరగకుండానే మళ్లీ సోకవచ్చు. ఇద్దరూ మందు పూర్తి చేసి, ఒకే మోతాదు మందు అయితే వేసుకున్న నాటి నుంచి 7 రోజులు గడిచేవరకు కలయిక మానుకోవాలి. ఎవరి వల్ల వచ్చింది అన్న ప్రశ్న చాలా ఇళ్లలో చిచ్చు పెడుతుంది. క్రిమి ఎంతకాలంగా ఉందో పరీక్ష కాగితం చెప్పదు, మొదట ఎవరిలో ఉందో కూడా చెప్పదు. పెళ్లికి ముందే ఇద్దరిలో ఎవరికైనా ఉండి, ఇన్నాళ్లూ నిద్రపోతున్నట్టు ఉండి ఉండవచ్చు. బిడ్డ పుట్టబోయే ఇంట్లో ఆ పంచాయితీ కన్నా ఇద్దరూ ఒకేరోజు మందు వేసుకోవడం ముఖ్యం.

మందు వేసుకున్నాక సుమారు 4 వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. అంతకన్నా ముందే చేయిస్తే చచ్చిన క్రిమి అవశేషాలు కూడా పరీక్షలో కనబడి, జబ్బు తగ్గినా తగ్గనట్టు చూపిస్తుంది. ఆ తరువాత 3 నెలలలోపు మరోసారి చూడాలి, ఎందుకంటే మళ్లీ సోకడం చాలా సాధారణం.

మన ఆచారం వల్ల ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మొదటి కాన్పుకు అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళుతుంది. ఊరు మారుతుంది, ఆసుపత్రి మారుతుంది. అత్తవారి ఊరిలో పాజిటివ్ వచ్చి మందు వేసుకున్న విషయం పుట్టింటి దగ్గరి డాక్టరుకు తెలియదు, నాలుగు వారాల పరీక్ష ఎవరూ గుర్తు చేయరు. అందుచేత రిపోర్టును, మందు చీటీని తల్లీపిల్లల రక్షణ కార్డుతో కలిపి ఒకే కవరులో పెట్టుకోండి, కొత్త డాక్టరుకు మొదటి రోజే చూపించండి. నెలలు నిండాక బయటపడినా చికిత్స మానుకోకూడదు. నొప్పులు మొదలైనప్పటికి మందు పూర్తికాకపోతే ఆ సంగతి కాన్పు గదిలో ఉన్న నర్సుకూ, పిల్లల డాక్టరుకూ చెప్పాలి. బిడ్డకు వెంటనే మందు మొదలుపెట్టరు, కళ్లను, ఊపిరిని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటారు. ఆ కనిపెట్టడం మొదలవ్వాలంటే వారికి ముందు విషయం తెలియాలి.

బిడ్డ కళ్లు: ఏ రోజున, ఎలా

బిడ్డ కళ్లను రోజూ పగటి వెలుతురులో ఒకసారి చూడండి. బాలింత గదిలో తలుపులు, కిటికీలు మూసి ఉంచే ఇళ్లలో ఎర్రదనం కంటపడదు. గుమ్మం దగ్గరకు తెచ్చి, ఎండ నేరుగా పడకుండా పట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి లోపలి పొర చూడాలి. మామూలుగా అది లేత గులాబీ రంగులో ఉంటుంది. జబ్బు ఉంటే పచ్చి గాయంలా ఎర్రగా, ఉబ్బి కనిపిస్తుంది, తాకితే రక్తం చెమర్చవచ్చు కూడా.

ఎన్నో రోజున మొదలైందన్నది డాక్టరుకు పెద్ద ఆధారం. క్లామిడియా కండ్లకలక ఎక్కువగా పుట్టిన 5 నుంచి 12 రోజుల మధ్య కనిపిస్తుంది. మొదట నీళ్లు కారి, తరువాత పుసి చిక్కబడుతుంది. ఒక కంటితో మొదలై రెండో కంటికి రావచ్చు. పుట్టిన 2 నుంచి 5 రోజుల్లోనే రెప్పలు బాగా వాచిపోయి, తుడిచిన కొద్దీ చీము ఉబికి వస్తుంటే అది గనేరియా కావచ్చు. నల్లగుడ్డు మీది పారదర్శక పొరను అది కొద్ది సమయంలోనే చిల్లు చేసి చూపు పోగొట్టగలదు, కనుక తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. కన్నీటి నాళం మూసుకుపోయిన పిల్లలకు కూడా కళ్లు అంటుకుంటాయి, కానీ వారిలో తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది, రెప్ప వాయదు. ఈ తేడాలు తెలిసి ఉండటం మంచిదే గానీ, నెలలోపు బిడ్డ కన్ను ఎర్రబడి పుసి కడితే అదేమిటో ఇంట్లోనే తేల్చుకునే ప్రయత్నం చేయకండి. అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.

వెళ్లేలోపు చేయదగిన పని ఒక్కటే, శుభ్రం చేయడం. కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూదిని ముంచి, పిండి, ముక్కువైపు నుంచి చెవివైపుకు ఒక్కసారి తుడవాలి. ఆ దూదిని పారేసి మరో తుడుపుకు కొత్తది తీసుకోవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తగలకూడదు. చనుబాలు, ఆముదం, పన్నీరు, కాటుక ఏవీ కంట్లో వేయకండి. ప్రేమతో చేసే పనులే అయినా కాటుక పెట్టే వేలు ఒక కంటి నుంచి మరో కంటికి జబ్బును మోసుకుపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, అవి ఎర్రదనాన్ని కప్పిపెట్టి లోపల జబ్బును పెంచగలవు.

డాక్టరు దగ్గర నమూనా తీసే తీరు గమనించండి. పైకి కారిన పుసిని దూదిపుల్లతో అద్ది పంపితే సరిపోదు. క్రిమి కణాల లోపల ఉంటుందని మొదట చెప్పింది ఇందుకే. ముందు పుసి తుడిచి, రెప్పను తిరగేసి, లోపలి పొరను పుల్లతో కాస్త గట్టిగా రుద్ది కణాలు తీయాలి. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది, చూస్తున్న తల్లికి గుండె తరుక్కుపోతుంది. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఓర్చుకుంటేనే పరీక్ష ఫలితాన్ని నమ్మగలం. గనేరియా ఉందేమో కూడా అదే సమయంలో చూడమని అడగాలి, రెండూ కలిసి ఉండే అవకాశం ఉంది.

ఇక చికిత్స. ఈ కండ్లకలకకు కంటి చుక్కలు, ఆయింట్‌మెంటు చాలవు. కంట్లో క్రిమి ఉన్న బిడ్డకు ముక్కులో, గొంతులో కూడా ఉండవచ్చు, అక్కడి నుంచి అది ఊపిరితిత్తులకు దిగుతుంది. అందుకని మందు నోటి ద్వారానే ఇస్తారు. ఎరిత్రోమైసిన్‌ను బిడ్డ బరువులో కిలోకు రోజుకు 50 మిల్లీగ్రాముల లెక్కన, నాలుగు మోతాదులుగా విడగొట్టి, 14 రోజులు ఇవ్వడం స్థిరపడిన పద్ధతి. అజిత్రోమైసిన్‌ను కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి 3 రోజులు ఇచ్చే పద్ధతీ ఉంది. ఏది ఇవ్వాలన్నది డాక్టరు నిర్ణయం. ఈ లెక్కలు మీరు ఇంట్లో మందు కలుపుకోవడానికి ఇవ్వలేదు, చీటీ చేతికి వచ్చాక ఎన్ని రోజులు, ఎన్నిసార్లు అని ధైర్యంగా అడగడానికి ఇచ్చాను. సీసా ప్రతిసారీ బాగా కుదిపి, మందుతో వచ్చిన కొలత గొట్టంతోనే తీయండి. ఉగ్గుగిన్నెతో ఉజ్జాయింపుగా పోస్తే చిన్న బిడ్డకు ఎక్కువ తక్కువలు అవుతాయి.

ఆరు వారాల లోపు పిల్లలకు ఈ రెండు మందులు ఇచ్చినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. అరుదుగా కొందరిలో జీర్ణకోశం నుంచి పేగులోకి వెళ్లే దారి కండరం మందమై ఇరుకవుతుంది. అలాంటి బిడ్డ పాలు తాగిన కాసేపటికి దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకుంటుంది, వెంటనే ఆకలితో మళ్లీ పాలకు వెతుక్కుంటుంది, బరువు పెరగదు. పాలు కక్కడం పిల్లలకు మామూలే, అది పెదవి పక్క నుంచి జారుతుంది. ఇది చిమ్ముతుంది. మందు మొదలుపెట్టాక గానీ, అయిపోయిన కొన్ని వారాలలో గానీ అలా కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. ఈ భయంతో మందు మానేయడం మాత్రం పొరపాటు.

ఎరిత్రోమైసిన్ మొదటి విడతలో ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురికి పనిచేస్తుంది. మిగిలినవారికి రెండో విడత అవసరమవుతుంది. నాలుగో రోజుకు కళ్లు తేటపడ్డాయని ఆపేయకుండా పధ్నాలుగు రోజులూ ఇచ్చి, ఆ తరువాత మళ్లీ డాక్టరుకు చూపించాలి.

జ్వరం లేని దగ్గు

క్లామిడియా న్యుమోనియా సాధారణంగా బిడ్డకు ఒకటి నుంచి మూడు నెలల వయసులో బయటపడుతుంది. కళ్లు ఎన్నడూ ఎర్రబడని పిల్లలకూ రావచ్చు. ఇది నెమ్మదిగా, దొంగలా వస్తుంది. ముక్కు దిబ్బడ, తరువాత దగ్గు. ఆ దగ్గుకు ఒక తీరుంది: ఒక్కొక్క దగ్గుకూ నడుమ చిన్న ఊపిరి తీసుకుంటూ, తెంపుతెంపుగా, టక్ టక్ మని వస్తుంది. కోరింత దగ్గులో అలా కాదు, ఊపిరి తీసుకునే సందు లేకుండా దగ్గులు వరసగా వచ్చి చివర పెద్ద శబ్దంతో గాలి లాగుతారు. ఇక్కడ జ్వరం దాదాపుగా ఉండదు. బిడ్డ పాలు తాగుతూనే ఉంటుంది, కాకపోతే మధ్యమధ్యలో ఆగి ఆయాసపడుతుంది.

జ్వరం లేకపోవడమే తల్లిదండ్రులను మోసం చేస్తుంది కనుక ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట పైకి లేచి దిగడాన్ని గడియారం పట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయకండి, చంటిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలలు దాటిన బిడ్డకు 50 గానీ అంతకు మించి గానీ వస్తే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు లెక్క. మరోసారి లెక్కపెట్టినా అంతే ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలిరంగు తిరిగినా, పాలు మానేసినా, ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవుతున్నా లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

డాక్టరుకు చెప్పవలసిన మాట ఇది: "పుట్టిన రెండో వారంలో కళ్లు పుసి కట్టాయి, చుక్కలు వేశాం, నోటి మందు వాడలేదు." తల్లికి క్లామిడియా ఉన్నట్టు ఎప్పుడైనా తేలి ఉంటే అది కూడా. చాలాసార్లు ఆ ఒక్క వాక్యంతోనే డాక్టరు ఆలోచన సరైన దారిలో పడుతుంది. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు, గాలి నిండి ఉబ్బిన ఊపిరితిత్తులు, రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు పెరిగి ఉండటం దీనివైపు వేలు చూపిస్తాయి. ముక్కు వెనక భాగం నుంచి నమూనా తీసి పీసీఆర్ చేస్తే తేలుతుంది. మందు కండ్లకలకకు నోటి ద్వారా ఇచ్చేదే. చంటిపిల్లల న్యుమోనియాకు ముందుగా వాడే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకాలకు ఈ క్రిమి సరిగా లొంగదు. ఇంజెక్షన్లు చేస్తున్నా దగ్గు వారాల తరబడి సాగడానికి కారణం అదే కావచ్చు.

ఈ గడువులన్నీ మన ఆరోగ్య వ్యవస్థలో ఇప్పటికే ఉన్న తేదీలతో కలిసిపోతాయి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇంటికి వచ్చి చూడాలి. ఆ ఏడో రోజు, పధ్నాలుగో రోజు సందర్శనల్లో రెప్ప దించి చూపించమని అడగండి. ఆరో వారం టీకాకు వెళ్లినప్పుడు దగ్గు ఉంటే సూది వేయించుకుని వచ్చేయకుండా, ఏఎన్ఎం చేత ఊపిరి లెక్కపెట్టించండి.

అమెరికాలో కాన్పు అయ్యే మన అమ్మాయిలకు, సాయానికి వెళ్లే తల్లులకు ఒక మాట. అక్కడ పుట్టిన వెంటనే బిడ్డ కళ్లకు ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంటు రాస్తారు. అది గనేరియా నుంచి కాపాడటానికి. క్లామిడియాను అది నమ్మకంగా ఆపలేదు, కాబట్టి ఆయింట్‌మెంటు రాశారు కదా అని రెండో వారం ఎర్రదనాన్ని తేలికగా తీసుకోకండి.

బిడ్డకు క్లామిడియా ఉన్నట్టు తేలితే తల్లికీ ఉన్నట్టే, తండ్రికీ పరీక్షో మందో కావలసిందే. బిడ్డ చీటీ రాయించుకున్న రోజునే ఆ ఇద్దరి చీటీలు కూడా రాయించుకుని ఆసుపత్రి గడప దాటండి. బాలింతకు పొత్తికడుపు నొప్పి, జ్వరం, వాసన వేసే స్రావం ఉంటే గర్భాశయానికి కూడా సోకి ఉండవచ్చు, పత్యంతో అది తగ్గదు. కవలలైతే రెండో బిడ్డను కూడా చూపించండి, కళ్లు తేటగా ఉన్నా సరే. మందు పూర్తయ్యాక ఆ కాగితాలను బిడ్డ టీకా కార్డుతోపాటు దాచి ఉంచండి. మళ్లీ గర్భం వస్తే మొదటి చెకప్ రోజున డాక్టరు బల్ల మీద ముందుగా పెట్టవలసినవి అవే.